తెనాలి పద్యం, బెంగళూరు గమకం: అభిరుచికీ స్నేహాలకీ లింక్ మీద ఒక కేస్ స్టడీ

నేను బెంగళూరులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉంటారు, అందులో సగం కేసులు తరచి చూస్తే ఒంటరితనం దగ్గరికే వచ్చి ఆగుతాయి. అలాంటివాళ్లకి మా ఫీల్డ్‌లో చాలామంది ఇచ్చే సలహా "నలుగురితో కలవండి, ఏదైనా గ్రూప్‌లో చేరండి" అని. ఏ నలుగురు, ఏ గ్రూప్ అని ఎవరూ అడగరు. ఆ మనిషికి ఏది ఇష్టం, ఆ ఇష్టం ఉన్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది, ఆ ఇష్టం ఇప్పటిదాకా ఆయనకి ఎలాంటి మనుషుల్ని తెచ్చిపెట్టింది, ఇవి చూడకుండా ఇచ్చే సలహా వల్ల లాభం లేదని నా గట్టి నమ్మకం. ఈ కేసు రాయడానికి కారణం అదే. క్లయింట్ ఇది చదివి సరే అన్నాకే బయటపెడుతున్నా, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఎందుకు వచ్చారు

ఆయనకి నలభై దాటాయి. తెనాలి దగ్గర పల్లెటూరు, రైతు కుటుంబం. బొమ్మసంద్ర ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు, ఇల్లు ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో. భార్య, తొమ్మిదో క్లాసు చదివే కూతురు. 2025 మొదట్లో వాళ్ల నాన్నగారు పోయారు, పెద్దకర్మ అయ్యాక తిరిగొచ్చి డ్యూటీలో చేరారు, అప్పట్నుంచి నిద్ర లేదు, అన్నం సయించదు, ఊరికే చిరాకు. సైకియాట్రిస్ట్ చూసి డిప్రెషన్ అనేంత లేదు, దుఃఖం తగ్గట్లేదు అంతే అని కొన్నాళ్లకి నిద్రమాత్ర రాసి నా దగ్గరికి పంపారు.

మొదటి సిట్టింగ్‌లోనే ఆయన చెప్పిన మాట: "ఫోన్లో నంబర్లకి కొదవ లేదు మేడమ్. ఏ పనైనా ఒక్క ఫోన్‌తో అయిపోద్ది. కానీ నాన్న గురించి చెప్పుకుందామంటే ఎవరికి చెయ్యాలో తెలీట్లేదు."

ఇది వినగానే మామూలు ఒంటరితనం కాదని అర్థమైంది. పరిచయాలు బోలెడు ఉన్నాయి, ఒక రకం సంబంధం మాత్రం పూర్తిగా ఖాళీ.

మ్యాప్ గీశాం

మేం వాడే పాత టూల్ ఎకోమ్యాప్. ఆన్ హార్ట్‌మన్ అనే సోషల్ వర్కర్ 1975లో తయారు చేసింది, మధ్యలో క్లయింట్ కుటుంబం, చుట్టూ మనుషులు, సంస్థలు, గట్టి సంబంధానికి లావు గీత, బలహీనమైనదానికి సన్న గీత. దానికి ముందు నేను రెండు ప్రశ్నలు అడుగుతా. ఒకటి అమెరికాలో 1985 జనరల్ సోషల్ సర్వేలో వాడింది, గత ఆరు నెలల్లో మీకు ముఖ్యమైన విషయాలు ఎవరెవరితో మాట్లాడారు అని. రెండోది ఎనభైల్లో నాన్ లిన్ అనే సోషియాలజిస్ట్, ఆయనతో పనిచేసినవాళ్లు తెచ్చిన పద్ధతి, రకరకాల ఉద్యోగాల లిస్టు చదివి ఇందులో మీకు తెలిసినవాళ్లు ఎవరున్నారు అని అడగడం. మన ఊళ్లకి తగ్గట్టు లిస్టు నేను మార్చుకున్నా, లాయరు, బ్యాంకు మేనేజరు, ఆర్టీవో ఏజెంటు, ట్యూషన్ మాస్టారు, ప్లంబరు, హాస్పిటల్లో పనిచేసేవాళ్లు, పోలీసు, ఇలా.

రెండో ప్రశ్నకి ఆయన దాదాపు అన్నిటికీ ఎవరో ఒకర్ని చెప్పారు. అంత వెడల్పు నెట్‌వర్క్ నాకు సాఫ్ట్‌వేర్ మేనేజర్ల దగ్గర కూడా కనపడదు. మొదటి ప్రశ్నకి మాత్రం రెండే జవాబులు: భార్య, నాన్న. అందులో ఒకరు లేరు ఇప్పుడు.

ఇక్కడ నేను సొంతంగా కలుపుకున్న ప్రశ్న ఒకటి ఉంది, ఈ కేసుని తిప్పింది అదే. ప్రతి గీత దగ్గరా ఆగి "మీరిద్దరూ కలిస్తే దేని గురించి మాట్లాడుకుంటారు?" అని అడుగుతా. ఆయన జవాబుల్లో ముప్పాతిక వంతు క్రికెట్, సినిమా. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కన్నడవాళ్లు, తమిళులు, ఒడియా కుర్రాళ్లు, మలయాళీ సూపర్‌వైజర్లు, అందరితో ఆర్సీబీ గురించే మాట. 2025 జూన్‌లో ఆర్సీబీ మొదటిసారి ఐపీఎల్ కప్పు కొట్టినప్పుడు ఎండీ తన కేబిన్ ముందు నిలబడి ఈయనతో పది నిమిషాలు మాట్లాడారట. తెలుగు సినిమా ఇప్పుడు అన్ని భాషల్లో ఆడుతోంది కదా, పెద్ద హీరో బొమ్మ వస్తే టాక్ ఏంటని అందరూ అడిగేది ఈయన్నే. ఇల్లు దొరికింది అలాగే, పాప స్కూల్ అడ్మిషన్ అలాగే, అసలు ఈ ఉద్యోగం గురించి తెలిసిందే పాత కంపెనీలో ఆదివారాలు క్రికెట్ ఆడే బ్యాచ్‌లో ఎప్పుడో ఓసారి కనపడే మనిషి ద్వారా.

ఉద్యోగం అలా రావడం వింతేం కాదు. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లో రాసిన పేపర్‌లో ఇదే ఉంది, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే ఆ చెప్పినాయన్ని తరచుగా కలిసేవాళ్లు దాదాపు 17 శాతమే, మిగతా అందరూ అప్పుడప్పుడో, ఎప్పుడో గానీ కలవనివాళ్లే. మన దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, కొత్త సంగతి దూరపువాళ్ల దగ్గర్నుంచే రావాలి.

మరి పద్యం ఎక్కడికి పోయింది

నాన్నగారి గురించి అడిగితే అప్పుడు బయటపడింది. ఆయన పొలం పనులు లేనప్పుడు పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారట, శివరాత్రికీ శ్రీరామనవమికీ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఆడేవాళ్లు. తెల్లవార్లూ నాటకం, హార్మోనియం, పద్యం చివర ఊపిరి బిగపట్టి రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అని అరవడం. ఈయనకి చిన్నప్పుడే రాయబారం పద్యాలన్నీ నోటికి వచ్చేశాయి, ఇప్పటికీ వచ్చు. బెంగళూరు వచ్చాక పాడటం మానేశారు, పక్క ఫ్లాట్ వాళ్లు ఏమనుకుంటారో అని, కూతురు ఫ్రెండ్స్ ముందు సిగ్గుపడుతోందని. ఏళ్ల తరబడి పద్యం గురించి మాట్లాడింది ఒక్క నాన్నతోనే, రాత్రి ఫోన్లో. ఆయన పోవడంతో ఆ ఇష్టానికి ఉన్న ఒకే ఒక్క మనిషి పోయారు.

ఒమర్ లిజార్డో అనే సోషియాలజిస్ట్ 2006లో ఒక పేపర్ రాశాడు, అమెరికా 2002 సర్వే డేటా మీద. మామూలుగా అనుకునేది స్నేహితుల్ని బట్టి మన అభిరుచులు మారతాయి అని, ఆయన దాన్ని తిరగేసి అభిరుచులే నెట్‌వర్క్‌ని తయారు చేస్తాయి అన్నాడు. అందరికీ తెలిసిన పాపులర్ కల్చర్ పలచని పరిచయాల్ని పెంచుతుంది, మ్యూజియం, క్లాసికల్ సంగీతం లాంటి కొద్దిమందికే పరిమితమైన కల్చర్ దగ్గరి సంబంధాల్ని గట్టిపరుస్తుంది అని ఆయన వాదన. అంతకు పదేళ్ల ముందు, 1996లో, బోనీ ఎరిక్సన్ టొరంటోలో ప్రైవేట్ సెక్యూరిటీ కంపెనీల్ని చూసి, అక్కడ పైవాళ్లనీ కిందవాళ్లనీ కలిపేది పెద్ద పెద్ద కళలు కాదు, ఆటల గురించి మాటలే అని చూపించింది. మా క్లయింట్ క్యాంటీన్ అచ్చం అదే.

కానీ లిజార్డో లెక్క మన దగ్గర యథాతథంగా దించుకుంటే ఒక చోట ఇరుక్కుంటాం. ఆయన లెక్కలో పద్యనాటకం ఎక్కడ పెట్టాలి? తెనాలి పల్లెల్లో అది ఊరందరిదీ. రైతు, కూలీ, నేతగాడు, స్కూల్ మాస్టారు పక్కపక్కన కూర్చుని చూసేది, పెళ్లిలో పక్క బంతిలో కూర్చున్న ముక్కూమొహం తెలీని మనిషితో కూడా ఫలానా వేషధారి రాగం ఎంతసేపు తీశాడో మాట్లాడొచ్చు. అక్కడ అది చేసే పని ఇక్కడ క్రికెట్ చేసే పనే. అదే పద్యం ఎలక్ట్రానిక్ సిటీకి వచ్చేసరికి వెయ్యి ఫ్లాట్లలో ఒక్కరికి తెలిస్తే గొప్ప. ఊళ్లో పలచగా అందర్నీ కలిపిన అభిరుచి ఇక్కడ దొరికిన ఒకరిద్దర్ని గట్టిగా కట్టగలదు, దొరక్కపోతే మనిషిని లోపల్లోపలే ముడుచుకునేలా చేస్తుంది. కాబట్టి నా దృష్టిలో ఒక అభిరుచి ఎలాంటి స్నేహాన్ని తెస్తుందనేది అది ఎంత 'ఉన్నతం' అనే దాని మీద కాదు, మనం నిలబడ్డ చోట అది ఎంత అరుదు, దాని కోసం మనిషి ఎంత కష్టపడాలి అనే దాని మీద ఆధారపడుతుంది. వలస వచ్చినవాళ్లతో పనిచేసేవాళ్లు ఈ సంగతి తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఊరు మారితే అభిరుచి అదే ఉంటుంది, అది చేసే పని మారిపోతుంది.

నా దగ్గరికి రాకముందు ఆయన చేసినవి

రెండు ప్రయత్నాలు ఆయనే చేసి ఉన్నారు. ఒకటి అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూప్ ఉగాది ప్రోగ్రాం. పేరిచ్చారు, స్టేజీ ఎక్కి పద్యం అందుకున్నారు, రాగం మొదలుపెట్టగానే టైమ్ అయిపోయిందని మైక్ తీసుకుని తర్వాతి డ్యాన్స్‌కి ఇచ్చారు. ఎవర్నీ తప్పుపట్టలేం, పిల్లలు రెడీ అయి నిలబడి ఉన్నారు. కానీ ఆయనకి గట్టిగా తగిలింది. ఒకే భాషవాళ్లం కదా, వీళ్లకి నచ్చుతుంది అనుకున్నారు. భాష ఒకటైనంత మాత్రాన అభిరుచి ఒకటవ్వాలని లేదు, మనవాళ్ల సంఘాల్లో ఇది రోజూ కనపడేదే.

రెండోది, ఆఫీసులో కుర్రాళ్ల టీమ్‌తో కలవాలని వాళ్లు చూసే కొరియన్, ఇంగ్లిష్ సిరీస్‌లు రాత్రిళ్లు కూర్చుని చూడటం. నిద్ర చెడగొట్టుకోవడం తప్ప ఏం రాలేదు. దీనికీ ఒక పరిశోధన ఉంది, కెవిన్ లూయిస్, మార్కో గొంజాలెజ్, జేసన్ కౌఫ్‌మన్ 2012లో ప్రచురించింది, ఒక అమెరికన్ కాలేజీ విద్యార్థుల ఫేస్‌బుక్ స్నేహాల్ని నాలుగేళ్లు గమనించారు. సంగీతంలో, సినిమాల్లో కొన్ని అభిరుచులు ముందే కలిసినవాళ్లు స్నేహితులవుతున్నారు గానీ, స్నేహం అయ్యాక ఒకరి అభిరుచి ఇంకొకరికి అంటుకోవడం చాలా తక్కువ, క్లాసికల్, జాజ్ సంగీతం మాత్రం మినహాయింపు. లేని ఇష్టాన్ని తెచ్చిపెట్టుకోమని నేను ఏ క్లయింట్‌కీ చెప్పను. ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది, మనకి అలసట మిగులుతుంది.

ఏం చేశాం

ప్లాన్ చిన్నది. ఉన్న వెడల్పు నెట్‌వర్క్‌ని పనికొచ్చే పరిచయాలకే కాకుండా, పద్యం ఇష్టపడేవాళ్లని వెతకడానికి వాడాలి. అంటే క్రికెట్ మాటలు మాట్లాడే వాళ్లందరికీ "నాకు పద్యాలంటే ప్రాణం" అనే సంగతి తెలియాలి. ఆయన దీనికి ఒప్పుకోడానికే చాలా టైమ్ పట్టింది. ఫ్యాక్టరీలో ఆయనకి ఒక ఇమేజ్ ఉంది, జోకులేసే సినిమా మనిషి అని, అది పోతుందేమో అని భయం. ముందు ఇంట్లో మొదలుపెట్టమన్నా, ఆదివారం పొద్దున తలుపేసుకుని ఒక్క పద్యం. తర్వాత క్యాంటీన్‌లో మనసుకి దగ్గరగా అనిపించేవాళ్లతో.

స్టోర్స్‌లో పనిచేసే ఒక కన్నడ ఆయన ఉన్నారు, వీళ్లిద్దరికీ ఆర్సీబీ తప్ప ఇంకో టాపిక్ లేదు అప్పటిదాకా. ఈయన పద్యం సంగతి చెప్పగానే ఆయన "అయ్యో సార్, మా మావగారు గమకం పిచ్చిలో ఉంటారు, మీరు ఆయన్ని కలవాలి" అన్నారట.

గమకం గురించి తెలీనివాళ్లకి రెండు మాటలు. కన్నడంలో కావ్యాన్ని రాగంలో చదివే సంప్రదాయం అది, గమకి పద్యం చదువుతారు, పక్కన ఇంకొకరు వ్యాఖ్యానం చెప్తారు. ఎక్కువగా వినపడేది కుమారవ్యాసుడి భారతం, పదిహేనో శతాబ్దం నాటిది, భామినీ షట్పది అనే ఆరు పాదాల ఛందస్సులో ఉంటుంది. పాత కన్నడ చంపూ కావ్యాల్లో అయితే మన ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, కందం అన్నీ ఉంటాయి, ఆ రెండు సాహిత్యాల ఛందస్సు అంత దగ్గర.

ఆ మావగారు బసవనగుడి వైపు ఉండే రిటైర్డ్ కన్నడ టీచరు. వాళ్లింట్లో ఆదివారం ఓ అరడజను మంది కూర్చుని చదువుకుంటారు. మా క్లయింట్ వెళ్లినరోజు నడుస్తున్నది ఉద్యోగపర్వం, కృష్ణుడు రాయబారానికి వచ్చే ఘట్టం. అది విని ఈయన ఆగలేక తెలుగు పద్యం అందుకున్నారు, చివర నాన్నగారిలా పొడుగ్గా రాగం తీశారు. అంతా విని ఆ మాస్టారు మెచ్చుకోలేదు, రాగం ఎక్కువై అర్థం మునిగిపోయింది అన్నారు. ఈయన ఊరుకోలేదు, రాగం లేకపోతే మైక్ లేని రోజుల్లో ఐదువేల మంది జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టేది ఎట్లా అని వాదించారు. అరగంట గొడవ. తర్వాతి సిట్టింగ్‌లో అది చెప్తుంటే ఆయన మొహంలో వెలుగు చూశా, నాన్న పోయాక తనతో పద్యం మీద పోట్లాడిన మొదటి మనిషి అని.

ఇక్కడ గమనించండి, సన్న గీత ఒకటి లావు గీతకి దారి చూపించింది. క్రికెట్ లేకపోతే స్టోర్స్ ఆయన లేరు, ఆయన లేకపోతే బసవనగుడి లేదు. పాపులర్ అభిరుచి లోతులేనిది అని తీసిపారేసే పెద్దమనుషులు చాలామంది ఉంటారు మా ఫీల్డ్‌లో కూడా. అది లోతుకి తవ్వే బోరుబావి లాంటిది కాదు, ఊరంతా తిరిగే బస్సు లాంటిది, ఎక్కితే కదా మనం దిగాల్సిన స్టాపు వచ్చేది.

ఇంకోటి దూరం. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి బసవనగుడి అంటే ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటాలి, ఆ పేరు వింటేనే జనం ప్రోగ్రాములు మానుకుంటారు. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర నుంచి ఆర్‌వీ రోడ్‌కి మెట్రో యెల్లో లైన్ మొదలవడం ఈ కేసుకి నేను చేసిన కౌన్సెలింగ్ అంత సాయం చేసింది అంటే అతిశయోక్తి కాదు. అభిరుచి కలిసినా రెండు గంటల ట్రాఫిక్‌లో స్నేహాలు నిలవవు, నగరాల్లో ఒంటరితనం గురించి మాట్లాడేవాళ్లు బస్సులు, మెట్రోల గురించి కూడా మాట్లాడాలి.

నచ్చని సంగతి

అంతా సాఫీగా జరిగిందని రాస్తే అబద్ధం. ఆ చిన్న బృందంలో దాదాపు అందరూ ఒకే కులంవాళ్లు, అందరూ అరవై దాటినవాళ్లు. రెండోసారి వెళ్లినప్పుడే ఒకరు కులం కనుక్కునే ప్రశ్న వేశారు. ఈయన సూటిగా చెప్పారు. తర్వాత కాసేపు పలకరింపులో తేడా కనపడిందట, మాస్టారు కల్పించుకుని "పద్యం వచ్చినవాడు మనవాడు, చదవండి" అన్నారు. సోషియాలజిస్ట్ పియర్ బోర్డియో 1979లో ఫ్రాన్స్ గురించి రాసిన పెద్ద పుస్తకం మొత్తం ఇదే, అభిరుచి మనుషుల్ని కలపడమే కాదు, ఎవరు లోపల ఎవరు బయట అనే గీత కూడా గీస్తుంది అని. మన దేశంలో ఆ గీతకి కులం రంగు ఉంటుంది. క్లయింట్‌ని అరుదైన అభిరుచి బృందానికి పంపేటప్పుడు ఈ తలుపు దగ్గర ఏం ఎదురవుతుందో ముందే మాట్లాడుకోవాలి, మేం మాట్లాడుకున్నాం కాబట్టే ఆయన మూడోసారి వెళ్లగలిగారు. ఆ ప్రశ్న వేసిన మనిషితో ఇప్పటికీ ఆయనకి పొడిపొడి మాటలే.

పరీక్ష

ఆ వానాకాలం చివర్లో పాపకి డెంగీ వచ్చింది. హాస్పిటల్లో పడ్డారు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, దాతలు కావాలి అన్నారు. ఫ్యాక్టరీ క్రికెట్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టిన గంటలో మనుషులు వచ్చేశారు, అందులో ఇద్దరు ఆయనకి పేరు కూడా సరిగా తెలీనివాళ్లు. రక్తం ఇచ్చి, ధైర్యం చెప్పి వెళ్లిపోయారు. రాత్రిళ్లు వార్డు బయట కుర్చీలో ఆయన పక్కన కూర్చున్నది మాత్రం డెబ్భై ఏళ్ల మాస్టారు, వద్దన్నా వినలేదట. వాళ్లావిడ గంజి, చారు కాచి పంపింది. వెడల్పు నెట్‌వర్క్ లేకపోతే దాతలు అంత త్వరగా రారు, లోతు లేకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండేది. ఏది గొప్పది అని నన్ను అడిగేవాళ్లకి నేను ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్తా.

తర్వాత గీసిన మ్యాప్‌లో ముఖ్యమైన విషయాలు మాట్లాడే వాళ్ల దగ్గర మాస్టారు, స్టోర్స్ ఆయన చేరారు. స్టోర్స్ ఆయనతో ఇప్పుడు క్రికెట్ కాకుండా ఇంటి సంగతులు కూడా నడుస్తున్నాయి. నిద్రమాత్ర డాక్టరుగారు ఆపేశారు. నాన్న గురించి ఇప్పుడూ ఏడుపొస్తుంది, అది రావాల్సిందే. పాప మాత్రం ఇంకా పద్యానికి చెవులు మూసుకుంటుంది, తన కొరియన్ పాటల ఫ్రెండ్స్ నలుగురూ క్లాసులో ఒకరినొకరు వదలరు, ఆ పిల్ల దగ్గర కూడా అరుదైన ఇష్టం అదే పని చేస్తోందని వాళ్ల నాన్నకి చూపించా, అప్పట్నుంచి ఆ పాటల మీద విసుక్కోవడం తగ్గించారు.

ఇప్పుడు పని భార్య వైపు మొదలైంది. ఫ్యామిలీ సెషన్‌లో ఆవిడ మ్యాప్ కూడా గీస్తే ఆయనకి పూర్తి రివర్స్ వచ్చింది. లలితా సహస్రనామం పారాయణ చేసే ఆడవాళ్లు పదీ పన్నెండు మంది, అందరికీ అందరూ తెలుసు, ఒకరికి జ్వరం వస్తే మిగతావాళ్లు వంట చేసి పంపుతారు, అంత దగ్గర. ఆవిడ బీఈడీ చేసి ఉన్నారు, పాప పెద్దదయింది కాబట్టి మళ్లీ స్కూల్లో చేరాలని ఉంది, కానీ ఆ పన్నెండు మందిలో ఎవరికీ ఏ స్కూల్లో ఖాళీ ఉందో తెలీదు, ఒకరికి తెలిసిందే అందరికీ తెలుసు. ఉద్యోగాల లిస్టు చదివితే ఆవిడ చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. చిన్నప్పుడు ఏం ఇష్టం అని అడిగితే స్కూల్లో త్రోబాల్ ఆడేదాన్ని అన్నారు. వాళ్ల కాంప్లెక్స్‌లో ఆడవాళ్ల త్రోబాల్ టీమ్ ఉంది, హిందీవాళ్లు, మలయాళీలు, కన్నడవాళ్లు అందరూ కలిసి పొద్దున్నే ఆడతారు. "ఈ వయసులో షూస్ వేసుకుని గ్రౌండ్‌లోకి ఏం వెళ్తాను మేడమ్" అని చాలా రోజులు తటపటాయించి గత నెల చేరారు. ఉద్యోగం కబురు ఇంకా ఏం రాలేదు. టీమ్‌లో ఒకావిడ సర్జాపూర్ రోడ్డులో ఒక స్కూల్ ఆఫీసులో పనిచేస్తారని తెలిసింది, ఇంకా ఆ మాట ఎత్తలేదు, ముందు సర్వీస్ సరిగ్గా నేర్చుకుంటున్నారు.